గీకిన చోటు

వియన్నాలో, డాన్యూబ్ కాలువ పక్క, మూడో అంతస్తులో
ఇరవై ఆరేళ్ళుగా సింఫనీలకు నకళ్ళు తీస్తున్నాను.
పేజీకి పన్నెండు హెల్లర్లు. సిరా ఖర్చు నాదే.

పాతవాళ్ళ సంగీతం నా చేతికి తెలుసు.
ఎంత తుఫానైనా రేపనీ,
హార్న్‌లు అడవంతా తిరిగి రానీ,
చివరి పేజీలో షడ్జం
దీపం పెట్టుకుని కూర్చుని ఉండేది.
నేను సగం నిద్రలో రాసినా
స్వరాలు వాటంతటవే ఇల్లు చేరేవి.
వాళ్ళు ఏడిస్తే ఊరంతా వినేది.

ఈ చలికాలం ఎర్విన్ సాల్టన్ అనే కుర్రాడు
ఒక కట్ట తెచ్చి బల్లమీద పెట్టాడు.
గీతల మొదట శ్రుతి గుర్తు లేదు,
గడప లేని గదిలా.
వయోలాలు ఏదో మొదలుపెడతాయి,
ట్రాంబోన్ ఆ మాటను నోట్లోంచి లాక్కుంటుంది,
ఆపైన రెండు ఆవర్తాలు ఎవరూ ఏమీ అనరు.
రాస్తుంటే మణికట్టు నొప్పెట్టింది.
నూట పద్నాలుగో పేజీలో, రెండో వయోలాకి,
పాపం, పొరబడ్డాడనుకున్నాను.
ఒక్క స్వరాన్ని అరమెట్టు కిందికి దించి
దిద్దాను.

రిహార్సల్‌లో అక్కడికి రాగానే
వాద్యబృందం మొత్తం హమ్మయ్య అంది.
చెల్లో వాయించే ముసలి వోబోర్నిక్
బాకీ వసూలైనవాడిలా మీసం దువ్వుకున్నాడు.
సాల్టన్ ఒక్కడే తెల్లబోయాడు.
నా దగ్గరికొచ్చాడు. అరవలేదు.
"అక్కడ వాళ్ళకి ఇల్లు లేదండీ, కోస్ట్కా గారూ"
అని ముక్కు చీదుకున్నాడు.

చిన్న కత్తితో గీకి, పొడి ఊది,
ఆ తప్పునే మళ్ళీ రాశాను.
కాగితం అక్కడ పలచబడింది,
దీపానికి అడ్డం పెడితే వెలుతురు దూరుతుంది.

మా హెర్మీనా మాట పూర్తి చెయ్యదు.
ఆస్పత్రి నుంచి తెచ్చుకున్న నాటి నుంచీ అంతే.
"ఆ రోజు కిటికీ దగ్గర..." అంటుంది.
"చలేసింది," అంటాను.
"మెట్ల మీద ఎవరో..." అంటుంది.
"పాలవాడు," అంటాను.
పదకొండేళ్ళుగా ఆమె వాక్యాలన్నిటికీ
చివరి చుక్క నేనే పెడుతున్నాను.
ఊళ్ళో కొందరు డాక్టర్లు
మనుషుల్ని సోఫామీద పడుకోబెట్టి
నోటికొచ్చింది చెప్పమంటారట,
గంటకింత అని పుచ్చుకుని
మధ్యలో అడ్డు రారట.
విని నవ్వాను కూడా.

ఆ రాత్రి సూప్ చల్లారుతోంది.
"ఆ రోజు కిటికీ దగ్గర..." అంది హెర్మీనా.
నా నాలుక చివర చలి సిద్ధంగా ఉంది.
చెంచా కింద పెట్టాను.
కాలువలో బొగ్గు పడవ కూత వేసింది.
రెండు ఆవర్తాలు. మూడు.
ఆమె నా వైపు చూసింది,
ఎవరో కొత్త మనిషిని చూసినట్టు.
తర్వాత,
"చలి కాదు," అంది.