ఐదో ప్రశ్న

పుస్తకం మోయలేనన్నాడు దస్తగిరి అన్న.
"వీపు మీద చోటు లేదు చెల్లే,
పేజీలు చించి పదేసి పంపు,
చదివినవి పారేస్తాను."

చించడానికి నాకు చెయ్యి రాలేదు.
ఒంగోల్లో పాత పుస్తకాల బండి మీద
మూడు రూపాయల పావలా పెట్టి కొన్నది.

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో
పొద్దంతా చట్రాలు బిగించి
రాత్రి లాంతరు కింద కూర్చుని ఎక్కించేదాన్ని.
గోళ్ల సందుల్లో పలక పొడి
మూడో పానిపట్టు యుద్ధం చుట్టూ
వేలిముద్రలై అంటుకునేది.
ఒక్క ఇన్‌లాండు కాగితంలో మరాఠాలంతా పట్టాలి.
ఎనిమిదితో బడి మానేసినదాన్ని,
చీమలంత అక్షరాలు అప్పుడే నేర్చాను.

జవాబులు తిరిగొచ్చేవి.
పైన నంబరే, ఊరు పేరుండదు.
చలి గురించి ఒక ముక్క,
అమ్మ మోకాళ్ల గురించి ఒక ముక్క,
మిగతాదంతా "కారణములు వివరింపుము."

ఊరి పేరు కనబడితే చాలు
సెన్సారువాళ్లు నల్ల సిరా పూసేవాళ్లు.
ఎవరో పాపం, తెలుగు అరకొరగా వచ్చినవాడు
పానిపట్టునూ వదల్లేదు.
రెండొందల ఏళ్లనాటి ఓటమిని
శత్రువు కంట పడకుండా దాచాడు.

విరిగిన పలక పెంకు మీద
బలపంతో మార్కులు వేసేదాన్ని.
పదికి ఏడు. తేదీ తప్పుకి ఒకటి కోత.
తర్వాతి ఉత్తరంలో పోట్లాటే:
"తుపాకి నూనె చేతులు, కలం జారింది."
అర మార్కు కలిపాను. అంతకు మించి లేదు.

డెబ్బై ఒకటి డిసెంబరులో
పంతొమ్మిది రోజులు ఏమీ రాలేదు.
రోడ్డు స్టేషను నుంచి తపాలా సంచీ తెచ్చే బస్సు
హారను కొట్టినప్పుడల్లా
అమ్మ లేచేది, మళ్లీ కూర్చునేది.

యుద్ధం ఆగిందని రేడియో చెప్పాక వచ్చింది కవరు.
ఐదో ప్రశ్నకి జవాబు, గుండ్రటి రాత.
మధ్యలో ఒక వాక్యం కొట్టేసి ఉంది.
నల్ల సిరా కాదు.
అన్న కలం నీలం.

లాంతరు గాజుకి ఆనించి చూశాను.
"పక్కన పడుకునేవాడి బూట్లు ఇప్పుడు నేను వేసుకుంటున్నాను."
ఆ తర్వాత మళ్లీ పీష్వాలే.

ఏం రాశాడే అంది అమ్మ.
పాఠమే అన్నాను.

కొట్టేసిన జవాబులు దిద్దకూడదట,
పరీక్షల నియమం, అన్నే చెప్పాడు.
దిద్దలేదు.
పెంకు కొంగుతో తుడిచి
ఆరో ప్రశ్న ఎక్కించాను.
అడుగున చోటు మిగిల్తే
చీమలంత అక్షరాలు మాని, పెద్దగా:
"నీ కాలి కొలత రాసి పంపు."