ఉదయసముద్రం కాడ ముసురు

బందరు దిక్కు నుంచి
చేపపిల్లల లారీ తెచ్చిండు నాంచారయ్య.
తెల్లారకముందే సంచులిప్పి నీళ్లల్ల వొదిలిండు,
లెక్కల కాయితం మీద సంతకం పెట్టిండు,
ఇగ పోదమని చూస్తే ఎనుక టైర్లు
కట్ట కింది బురదల దిగబడ్డయి.
ట్రాక్టరు పొద్దూకితె గాని రాదట.

"ఊరికే కూచోడం నా వల్ల కాదండీ,
మీ ఊరు చూపించండి" అన్నడు.
సైకిలు నా దుకాణంలది, కిరాయిది.
ముందటి బ్రేకు ఉన్నది,
ఎనుకటి బ్రేకు ఉన్నదని అనుకోవాలె.

యూరియా సంచులు మూలకు మూల దోపి
కొప్పెరలు కప్పుకున్నం.
ఆయన తొక్కుడు, నేను క్యారియర్ మీద.
తోవ చెప్పేటోడు ఎనుకనే కూసోవాలె కద.
ఆయన మణికట్టు నిండ రబ్బరు బ్యాండ్లు,
సంచుల మూతులకు కట్టినయి,
గాజుల లెక్క.

పానగల్లు దాటంగనే ఎదురుగాలి.
"గాలిలో ఉప్పు లేదు" అన్నడు ముక్కు ఎగబీల్చి.
నలభై ఏండ్లాయె ఈడ పుట్టి,
మా గాలిని ఎన్నడు వాసన చూడలే నేను.
అప్పుడు చూసిన:
డీజిలు, తడిసిన గోడ సున్నం,
ఎవలింట్లనో నూరుతున్న ఎల్లిపాయ కారం.

గడియారం కాడ నీళ్లు మోకాళ్లకొచ్చినయి.
చైను ఊడింది.
దిగి, నెట్టుకుంట నడిచినం.
చెప్పుల దుకాణపాయన పళ్లెంతోని
వానను బయటికి ఎత్తిపోస్తుండు,
వాన వాపసు వస్తుంది,
ఇద్దరికీ తొందర లేదు.

లతీఫ్ సాబ్ గుట్ట మబ్బుల దూరింది.
మెట్లు సగం దాకనే ఉన్నయి,
ఆపైన ఒక్క ఎలుగు.
"లైట్‌హౌసా అది?"
"కాదు, దర్గా కాడి బుగ్గ."
"బుగ్గా?" అని చెంప తడుముకున్నడు.
ఇద్దరం నవ్వినం, నోట్లెకు వాన పోయింది.

మాన్యంచెల్క గల్లీల మా చిన్నమ్మ ఈదమ్మ
చూరు కింద వరుసగ పెట్టింది
బిందె, తపాల, సత్తుగిన్నె, మూత లేని టిఫిను.
"ఇల్లు కారుతోందా?" అని అడిగిండు.
ఇల్లు కారుడు కాదు.
బోరునీళ్లు తాగి తాగి ఆమె మోకాళ్లు
కొడవండ్ల లెక్క వంగినంక
నల్లా వచ్చింది.
నల్లానీళ్లు మంచియే అంటరు.
ఆమె ఇంక నమ్మలే.

ఆయన కాళ్ల దిక్కు చూసి
చూపు గిన్నెల మీదికి మలిపిండు.
"మా అమ్మ ఏరు దాటి పడవలో తెచ్చేదండీ మంచినీళ్లు.
దోవలో ఒలికితే ఆ పూట కొట్లాటే."
చిన్నమ్మ గిలాస ముంచి చేతికిచ్చింది.
మెల్లగ తాగి,
"చప్పగా ఉన్నాయి" అన్నడు.
"సప్పగుంటెనే మంచియి, బిడ్డా."
దానికి మారుమాట
బందరుల లేదు, నల్లగొండల లేదు.

మళ్ల కట్ట మీదికొచ్చేవరకు చీకటైతుంది.
లారీని ట్రాక్టరు గుంజుతుంది,
డ్రైవరు ఎవలెవలినో తిడుతుండు.
నాంచారయ్య నీళ్లంచున గొంతుక్కూసోని
యేలు ముంచి నాకిండు.
"దీనికి సముద్రమని పేరెవరు పెట్టారు?"
"ఎవలో రాజంట."
"ఉప్పు తెలియని రాజు."
జర సేపాగి,
"మంచిదేలెండి."

నీళ్ల మీద ప్రతి చినుకుకు ఒక చిన్న గుండ్రం.
అండ్ల ఏవి చినుకులో
ఏవి పొద్దుటి పిల్లల మూతులో
ఆయనకు ఎర్కనేమో, నాకు తెల్వదు.

పోయేటప్పుడు కిరాయి ఇయ్యబోతే తీసుకోలే.
మణికట్టు బ్యాండ్లు నాలుగు తీసి
ఎనుక బ్రేకుకు చుట్టి, గట్టిగ గుంజి చూసి,
లారీ ఎక్కిండు.

ఇప్పుడు బ్రేకు పడుతుంది.
ఎండల సప్పుడు చెయ్యదు,
వానపడితె మాత్రం
కుయ్యిమంటది.