పక్కచూపు

పద్నాలుగించుల టీవీ మాది.
ముందర మొకం చిన్నది, ఎనక బొజ్జ పెద్దది.
పత్తి పైసలొచ్చిన యేడు
చండూరు బజార్ల బేరం చేసి చేసి గొంతు పోయినంక
ఆటోల ఒళ్లో పెట్టుకొని తెచ్చిండు నాయిన,
గుంతొచ్చినప్పుడల్ల రెండు చేతుల్తోటి పొదివి పట్టుకొని.

వాడంత గోడలకు పల్చటి టీవీలు ఎక్కినయి.
మాది మాత్రం అల్మార దిగలే.

ఎల్లేశన్న తెచ్చుకున్న ఆటడబ్బా గూడ పాతదే.
మూత మీద ఎవరో పిల్లగాడు
మొలతోటి పేరు గీక్కున్నడు.
పసుపు వైరుకు సందు దొరికింది,
తెల్లదానికి దొరికింది,
ఎర్రదాన్ని పెట్టే సందు మా టీవీకి లేనే లేదు.
ఒక్క చెవితోటే బతుకుతది మా టీవీ.

ఆట మోటర్లది.
తెర నిండ రోడ్డు, రోడ్డు నిండ అన్న బండి.
పక్కకెవడొస్తుండో
గుద్దినంకనే తెలుస్తది.
పదిసార్లు గుద్దిచ్చుకొని
కంట్రోలర్ చాప మీద పెట్టి అన్నడు:
"నాకసలే మెడ తిరగది.
గీన్ల గూడ తిరగదా?"

మెడ సంగతి చెప్పాలె గదా.
మా బోరు నీళ్లు తాగి పెరిగిన మెడ అది.
పిలిస్తే తల తిప్పడు, మనిషే తిరుగుతడు,
మెల్లగ, ఇసుర్రాయి తిరిగినట్టు.
రోడ్డు దాటాలంటే
ఎడమకొకసారి నిలువున తిరుగుతడు,
కుడికొకసారి నిలువున తిరుగుతడు,
అప్పటికి ఎడమ దిక్కు ఇంకో లారీ వస్తది.
హారన్ కొట్టెటోళ్లకు ఇది తెల్వది.

సెట్టింగులల్ల 'వైడ్ స్క్రీన్' అని కనపడితే
ఏమైతదో చూద్దామని నేనే నొక్కిన.
మోటర్లన్నీ నిలువుకు సాగి
కరువు నాటి గొడ్ల లెక్క బక్కచిక్కినయి.
ఇగ ఇప్పుడు టీవీ రిమోట్ల
ఎన్నడూ ముట్టని బటనొకటుంటే
దాన్ని గూడ నొక్కిన.
పైన ఓ నల్ల పట్టి, కింద ఓ నల్ల పట్టి,
నడుమ దర్వాజ సందుల కెళ్లి చూసినంత లోకం.
బండి చింతగింజంతయింది.
స్పీడు అంకెలు ఆవాలయినయి.
ఎనభయ్యా, అరవయ్యా,
దగ్గరికి పోయి చదివి చెప్పుడు నా నౌకరీ.

అమ్మొచ్చింది.
"సగం టీవీ సచ్చిపోయిందేందే?"
లేదమ్మ, పెద్దగ చేసినం.
"పెద్దగ చేస్తే చిన్నగెట్లయితది?"
నా దగ్గర జవాబు లేదు.
"కరెంటు బిల్లన్న సగం వస్తదా?"
అదీ తెల్వదు.
కొంగుతోటి పైపట్టిని ఒకసారి తుడిచి చూసింది,
మసేమోనని.

కని ఎడమ దిక్కు
నిన్నటిదాంక లేని చెట్టొకటి నిలబడ్డది.
కుడి దిక్కు కంచె,
కంచె మీద తోక ఆడించే పిట్ట.
అవి మొదటి నుంచి ఆన్నే ఉన్నయట,
మన టీవీకి పట్టయని అంచులు కోసి చూపిచ్చిండ్రట.

ఎర్రబండి ఒకటి పక్కకు రాంగనే
అన్న చూసిండు.
మెడ కదలలే, భుజం కదలలే,
నడుము తిప్పలే.
ఊకెనే చూసిండు,
నేను చూసినట్టు.
చూసి, జరిగి, దారిచ్చిండు.

గెలిచిండా అంటే, లేదు.
ఆరుగురిల నాలుగోటోడు.
మల్లెప్పుడన్న ఆ పట్టీలు తీసేద్దామా అంటే మాత్రం
"ముట్టకు" అంటడు.

పొద్దుగూకినంక అమ్మ
వంటింట్ల కెళ్లి కేకేస్తది:
"ఎల్లేశా, ఆ పిట్ట ఉన్నదార ఇయ్యాల?"
అన్న తిరగడు.
"ఉన్నదమ్మ" అంటడు.