రెండో గేరు

హవల్లీలో, ఇబ్న్ ఖల్దూన్ వీధిలో
మా కొట్టు వెడల్పు రెండు చేతులు చాచినంత.
బుధవారం రాత్రి ఖాసింపీరా వచ్చాడు,
యజమాని పిల్లల్ని ట్యూషన్ దగ్గర దించేసి,
నలభై నిమిషాలు గుప్పిట్లో పెట్టుకుని.

"రెండు కార్డులు చూసి పెట్టుకున్నా అన్నా. యాది గట్టిది?"

గాజుబల్ల మీద పక్కపక్కన పడుకోబెట్టాను.
కొత్తది నూట అయిదు దినార్లు, సీలు విప్పలేదు.
పాతది అరవై రెండు,
ఒక ఫిలిపినో కుర్రాడు దేశం పోతూ అమ్మేసింది,
ఫ్యాన్ రెక్కల సందుల్లో ఇంకా ఇసక.

బిల్లు వెనక లెక్క వేశాను.
కోర్లు మూడు వేల డెబ్బై రెండు,
క్లాకు రెండున్నరకు రవ్వంత తక్కువ,
హెచ్చవేసి, మళ్ళీ రెండుతో హెచ్చవేస్తే
కొత్తదానికి పదిహేను టెరాఫ్లాపులు.
పాతదానికి కోర్లు ఎక్కువే గాని నడక నిదానం,
పన్నెండు ముప్పావు దగ్గర ఆగిపోయింది.

"అయితే కొత్తదే గదా."

కాగితం మీద, అన్నాను.
ఆ లెక్కలో ఏ కోరూ రెప్పపాటు ఖాళీగా కూర్చోదు,
డేటా కోసం వాకిట్లో నిలబడదు,
మంచినీళ్ళకు లేవదు.
ఆగస్టు అనే నెలొకటి ఉందని దానికి తెలీదు.
నీ అగ్రిమెంటులో రోజుకు ఎనిమిది గంటలని
రాసుంది చూడు, అట్లాంటి అంకె అది.

నవ్వాడు. నవ్వి, గడియారం చూసుకున్నాడు.

కొత్తదానికి మెమరీ ఎనిమిది జీబీ, దారి నూట ఇరవై ఎనిమిది బిట్లు.
పాతదానికి పన్నెండు, నూట తొంభై రెండు.
డ్రైవరు కదా, దారిని లేన్లని చెప్పాను,
చెప్పకముందే తలూపాడు.
తాళాల గుత్తిలోంచి పెన్‌డ్రైవ్ ఊడదీశాడు.

అందులో గువ్వలచెరువు ఘాటు.
రెండేళ్ళుగా, మేడ మీది డ్రైవరు గదిలో,
మలుపు తర్వాత మలుపు కడుతున్నాడు.
పంతొమ్మిదేళ్ళప్పుడు లారీ క్లీనరట,
మదనపల్లె టమోటా లోడు మీద కూర్చొని దిగిన దారి.
ఒక్కో బండకూ ఒక్కో ఫోటో తొడిగాడు,
బావమరిది వాట్సప్‌లో పంపినవి.
పిట్టగోడకు లారీ రాసుకున్న గీత,
పాలకోవా అంగట్లో కొట్టుకునే ట్యూబులైటు,
గోడ మీద ఒక కోతి, వచ్చే బండికల్లా తల తిప్పేది.

కొత్తదాని డెమో ముక్క బెంచీలో ఉంటే ముందు దాని మీద నడిపాం.
దుమికింది. సెకనుకు తొంభై ఫ్రేములు.
ఆరో మలుపులో మెమరీ నిండిపోయింది:
బండలకు మొహాలు పోయాయి, రోడ్డు ఎగిరెగిరి పడింది,
పాలకోవా అంగడి రానే లేదు,
దాని చోట ఒట్టి బూడిదరంగు పలక.

పాతదాని మీద నలభై.
పెరగలేదు, తెగలేదు.
కోతి తల తిప్పింది.
అతని కుడికాలు
మా కొట్టు గచ్చు మీద, ప్రతి మలుపుకూ, బ్రేకు తొక్కుతోంది.

అమ్మేవాణ్ణే అయినా చెప్పాలి కదా, చెప్పాను.
ఇది నూట డెబ్బై వాట్లు తాగుతుంది, కొత్తది నూట పదిహేనే.
"మా గదికి ఒకటే లైను. ఏసీ, కంప్యూటరు కలిసి ఏస్తే టపీమంటాది," అన్నాడు.
కాసేపు ఆలోచించి, "ఏసీ ఆపుకుంటాలే."
ఉడికిపోతావు ఖాసిం, అది కూడా ఉడుకుతుంది,
వేడెక్కితే క్లాకు దానంతటదే తగ్గించుకుంటుంది,
ఈ పన్నెండు ముప్పావు కూడా రాదు.

"ఘాటు ఎక్కేటప్పుడు
బండి ఎట్లాగూ రెండో గేర్లోనే గదన్నా."

యాభై అయిదు ఇచ్చాడు, ఏడు బాకీ.
డబ్బా లేదు, బబుల్ కవరు చుట్టి ఇచ్చాను.
కిందికి చూస్తే
ఎనిమిది సిలిండర్ల జీఎంసీ, రెండు ఇండికేటర్లూ ఆర్పుకుని,
పిల్లల ట్యూషన్ వైపు మెల్లగా కదులుతోంది.