ముక్కాలంగుళం

నాయన తుపాకి నా పేర్న మారేదానికి
మూడేండ్లు పట్టింది.
కాయితాల్లో నా ఫోటో అతికించినారు గానీ
కట్టె ఇంకా ఆయన చేతుల పొడుగే.

పేల్చిన ప్రతిసారీ భుజం కమిలి
అల్లనేరేడు పండయ్యేది.
పందులు మాత్రం చెనిక్కాయ చేన్లో
ఒక్క సాలూ వదలకుండా
తీరిగ్గా తవ్వుకోని పోయేవి.
"ఆడోళ్ళ భుజానికి ఆగేది కాదులే"
అన్నాడు మా అన్న గంగులప్ప.

పలమనేరులో, గంటావూరు మలుపు కాడ
ఖాదర్‌వలీ అంగడి.
ముందు తుపాకి విరిచి
ఖాళీ గొట్టాల్లోంచి ఎండను చూసినాడు.
ఆనేక నన్ను చూసినాడు,
రవిక కుట్టే టైలరు చూసినట్టు కాదు,
ఎద్దు మెడ చూసి
కాడి చెక్కే వడ్రంగి చూసినట్టు.
మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా టేపు పెట్టి
లెక్క గోడ మీద రాసుకున్నాడు.

"కండ్లు మూసుకోమ్మా. భుజానికెత్తు.
మొహాన్ని కట్టె కాడికి వంచబాక,
కట్టెనే మొహం కాడికి రానీ.
ఇప్పుడు తెరువు."
తెరిస్తే వెనక ఇనుమే గానీ
కొనన పూస కనబడలేదు.
"నువ్వు చూసేది ఒక తట్టు,
తుపాకి చూసేది ఇంకో తట్టు.
పందిదేం తప్పు?"

ముక్కాలంగుళం కోసినాడు.
లోపల కట్టె పసుప్పచ్చగా, కొత్తగా.
నలభై ఏండ్ల చెమట
అంత లోతుకు దిగలేదు.

చెంప ఆనే చోట మాత్రం ఒక పల్లం,
నాయన దవడ అరగదీసింది.
నాది సన్న మొహం, అందులో మునిగిపోతాది.
"ఎర్రచందనం చెక్క అతికిస్తే అందంగా ఉంటాది గదా" అంటే
"నిన్నూ నన్నూ ఒకే జీపులో తీసకపోతారు" అని నవ్వి
మేకతోలు రెండు మడతలేసి అంటించినాడు.
పల్లం లోపల్నే ఉండాది.

కోసిన ముక్కను
కుట్టు మిషను కాలి కింద పెట్టినా.
ఇప్పుడది ఊగదు.

సాయంత్రం బండ మింద నూనె డబ్బా పెట్టి
కండ్లు మూసి, ఎత్తి, తెరిచినా.
పూస అప్పుడికే అక్కడుండాది,
నాకంటే ముందొచ్చి కూచున్నట్టు.
తెల్లారి భుజం చూసుకున్నా.
చర్మం, చర్మం రంగులోనే.

గంగులప్ప వచ్చి ఖాళీ తుపాకి ఎత్తి చూసినాడు.
బొటనవేలు పోయి ముక్కుకు తగిలింది.
"ఏందే, ఇంత కురచ చేసేసినావు!"

చెనిక్కాయలు ఒలుస్తా ఉన్నా.
"అవు" అన్నా.