నలభై మూడు ఊపిర్లు

చాకలిపేట మెట్రో వెనక సందులో
మూడంతస్తుల ఆసుపత్రి. లిఫ్టు ఎప్పుడూ రిపేరే.
పై అంతస్తులో ఒక చలిగది.
అందులో తలలు పట్టుకోవడం నా ఉద్యోగం.

ఎడమ పక్కకి తిప్పి పడుకోబెడతాను.
పళ్ళ మధ్య ప్లాస్టిక్ కడియం పెడతాను.
నల్లటి గొట్టం గొంతులోకి జారుతుంటే
నెత్తి మీద చెయ్యేసి చెబుతాను,
అరవంలో ఒకసారి, మన మాటలో ఒకసారి:
"రెండు నిమిషాలే నాయనా, ఇదిగో అయిపోయింది."
పద్నాలుగేళ్ళుగా చెబుతున్న అబద్ధం.

కాసిమేడు నుంచి వలలు కుట్టే అంతోణి వచ్చాడు.
గోవిందప్ప వీధిలో పద్దులు రాసే కోటయ్య శెట్టిగారు వచ్చారు.
అందరిదీ ఒకటే ఫిర్యాదు: కారం.
"ఆవకాయ మానేశానమ్మా, అయినా మంటే."
డాక్టర్ పూంగుళలి తెర మీంచి కళ్ళు తిప్పకుండా అనేది:
మిరపకాయని ఊరికే జైల్లో పెడతారు, దొంగ వేరే.
మెలి తిరిగిన చిన్న పురుగు,
ఎవరి చేతినుంచో, ఏ బిందె నీళ్ళనుంచో
చిన్నప్పుడే నోట్లోకి దిగి
ఆ ఆమ్లంలోనే కాపురం పెడుతుంది.
అది కాకపోతే నొప్పిబిళ్ళ.

నొప్పిబిళ్ళ అన్నప్పుడల్లా
నా చెయ్యి నడుం దగ్గర దోపుకున్న సంచి తడిమేది.

మూడంతస్తులు, రోజుకి పదిసార్లు.
మందులకొట్టు దినకరన్ అట్ట చింపి ఇచ్చే ఎర్రబిళ్ళ,
టీ నీళ్ళతో, ఏమీ తినకుండా.
మోకాలు ఊరుకునేది.
రాత్రి రెండింటికి కడుపు లేచేది,
రొమ్ముకింద ఎవరో కుంపటి ఊదుతున్నట్టు.
ముద్ద అన్నం పడితే అణిగేది, మళ్ళీ రాజుకునేది.

వేల తలలు పట్టినదాన్ని, నాకు తెలియదా?
తెలుసు. తెలిసే ఊరుకున్నాను.

ఒక తెల్లవారుజామున దొడ్డికి పోతే
ఎన్నూరు రోడ్డు తారులా నల్లగా, జిగటగా.
అది కడుపులో కారి నల్లబడ్డ నెత్తురని,
ఒక్కరోజు కూడా ఆగొద్దని
ఎందరికో నేనే చెప్పి పంపాను.
నేను మూడు రోజులు ఆగాను.
సెలవంటే జీతం కోత.
పైగా ఏ మొహం పెట్టుకుని చెప్పను?

మూడో రోజు మెట్ల మీదే కళ్ళు తిరిగాయి.

అదే బల్ల. గొంతులో అదే చేదు మందు.
ఎడమ పక్కకి పడుకుంటే ఎదురుగా గోడ మీద
ఎవరో పెన్నుతో గీసిన చిన్న చేప ఉందని
అన్నేళ్ళూ నాకు తెలియదు.
కొత్తగా చేరిన యాళిని తల పట్టుకుంది.
దాని చెయ్యి వణుకుతోంది.
"రెండు నిమిషాలే చెంచులమ్మ పెద్దమ్మా." నేను నేర్పిన మాటే.
నేను లెక్కపెట్టాను.
నలభై మూడు ఊపిర్లు.

తరవాత ఫోటో చూపించారు.
ఎర్రటి అంచుల మధ్య తెల్లటి గుంట,
వేలితో సున్నం అద్దినట్టు.
అక్కడ గిల్లిన చిటికెడు కండ పసుపు చుక్కలో వేస్తే
సున్నం తగిలిన పారాణిలా ఎర్రబడింది.
పురుగూ ఉంది, బిళ్ళా ఉంది.
ఇద్దరు దొంగలు, ఒకటే ఇల్లు.

పద్నాలుగు రోజులు, పొద్దునా రాత్రీ గుప్పెడు మందులు.
నోట్లో తుప్పు పట్టిన తాళంచెవి రుచి.
నాలుగో రోజుకే మంట తగ్గింది, మానేద్దామనుకున్నా.
యాళిని మాననివ్వలేదు. అప్పులవాడిలా వచ్చి
ఖాళీ అట్టలు లెక్క చూసుకుని పోయేది.
ఆమ్లం తగ్గించే బిళ్ళ మాత్రం
అన్నానికి అరగంట ముందు, ఇంకో ఆరు వారాలు.
మా ఆయన బీడీ గుమ్మం బయటికి మారింది.
మానేయమంటే, "పుండు నీకు కదా" అంటాడు.
లారీ నీళ్ళు కాచి చల్లారుస్తున్నాను, గ్యాసు దండగని గొణుగుతాడు.

అన్నీ ఆపేసి నెల ఆగాక మళ్ళీ పరీక్ష. పురుగు లేదు.
మోకాలి నొప్పి ఉంది.
వేణ్ణీళ్ళ కాపడం, ఒక పట్టీ, మెట్టు మెట్టుకీ ఆగడం.
దినకరన్ కొట్టు దగ్గర అవతలి వైపు నడుస్తాను.

నిన్న తడ నుంచి ఒక కుర్రాడు, లారీ క్లీనరు,
బల్ల మీద ముడుచుకుని వణికిపోతున్నాడు.
"రెండు నిమిషాలే అంటగా అక్కా?"

నెత్తి మీద చెయ్యేశాను.
"కాదు నాయనా. నలభై మూడు ఊపిర్లు.
నీకు నాలుగు ఎక్కువే పట్టచ్చు.
ఎదురుగా గోడ మీద చేప ఉంది, దాన్నే చూడు.
ముక్కుతో తీసుకో. నేను లెక్కపెడతా.
ఒకటి."