పావు మెలిక

కావలి దాటినాక హైవే వారన రేకుల షెడ్డు.
ముందు సీటు లేపితే ఓమ్నీ కడుపు బయటపడింది.
వెనక, తడిపిన గోతాల కింద
రామాయపట్నంలో నింపుకొచ్చిన రొయ్య సీడు సంచులు.
ఆక్సిజన్ పట్టి కట్టినవి,
పొద్దు వాలేదాకే వాటి ఓపిక.

మాలకొండయ్యకు చెవులు పొయ్యి మూడేళ్లు.
గ్రానైటు లారీల కింద గడిచిన వయసు
ముందుగా అక్కడే అరిగింది.
ఒకప్పుడు బెల్టును వేలితో మీటి
"ఇంకొంచెం వదులు" అనేవాడంట,
తంబురా శ్రుతి చూసుకున్నట్టు.
ఇప్పుడు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి
మెలితిప్పుతాడు. పావు మెలిక.
అంతకు మించి తిరిగితే పన్ను దాటుద్ది,
అంత కూడా తిరక్కపోతే
వాటర్ పంపు బేరింగును తింటది.

పై పుల్లీ గీత, కింది పుల్లీ గీత
వాటి వాటి గుర్తుల కాడికి తెచ్చాడు.
టెన్షనర్ బోల్టు అరచుట్టు వదిలాడు.
స్ప్రింగు దాని పని అది చేసుకుంది.
బిగించి, పానా వేసి, ఇంజన్ను చేత్తో రెండు చుట్లు తిప్పి
మళ్లీ గీతలు చూశాడు.
కింది గీత మీద గ్రీజు.
బనీను అంచుతో తుడిచి మళ్లీ చూశాడు.

"ఇంకెంతసేపబ్బయ్యా, పిల్లలు సచ్చిపోతయ్యి"
చెరువు కౌలుకు తీసుకున్న సుగుణమ్మ.
ఆయనకు వినపళ్లేదు.
నాకు వినపడింది. చెప్పలేదు.

తాళం తిప్పాను. పట్టుకుంది.
ఆయన అరచెయ్యి ఇంజను మీద, కళ్లు నా మీద.
ఈ షెడ్డులో నా కొలువు అదే, విని చెప్పడం.
సన్నగా, ఎక్కడో,
సీసాలో పడ్డ ఈగ లాగా ఒక కూత.
లేదనుకుంటే పోద్ది కదా అనిపించింది.
ఎండ పడమటికి తిరిగింది.
సుగుణమ్మ గోతం ఎత్తి చూస్తా ఉంది.

చిటికెనవేలు ఎత్తాను.
మా ఇద్దరి భాషలో దానికి అర్థం: ఏడుస్తంది.

ఆయన తిట్టలేదు. ఆపమన్నాడు.
బోల్టు వదిలి, వెంట్రుకవాసి జరిపి, బిగించి
ఈసారి నా వేళ్లు పట్టుకోని బెల్టు మీద పెట్టించాడు.
"ఇంత. గుర్తుపెట్టుకో జిలానీ.
చెవులు ఎల్లకాలం ఉండవు."

ఓమ్నీ అల్లూరు దారి పట్టింది.
టీ గ్లాసు పట్టుకున్నా, షట్టరు దించినా
రెండు వేళ్ల మధ్య ఆ రబ్బరు
ఇంకా తిరగబోయి ఆగుతా ఉంది.

పిల్లలు బతికినయ్యో లేదో
ఎవురూ ఫోను చెయ్యలేదు.